అమ్మ దాచిన జరీ ముక్కలు

మొన్న హిందూపురంలో మా వీధిలోకి ఒక ఆటో వచ్చింది. చిరిగినవైనా, మరకలు పడ్డవైనా సరే, జరీ ఉన్న పాత పట్టుచీరలు కొంటామని మైకులో రికార్డు గొంతు ఒకటే అరుపు. మా కోడలు బీరువాలోంచి రెండు చీరలు తీసుకెళ్ళి, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి, ఒకదాంట్లో అసలు వెండే లేదట అని నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమెకు ఆ సంగతి అంతటితో సరి. చిక్కుడుకాయలు ఒలుస్తున్న నాకు మాత్రం ఆ తర్వాత ఒక్క కాయ కూడా ఒలవబుద్ధి కాలేదు.

మాది ధర్మవరం. నాయన ఇంట్లోనే గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. పట్టూ జరీ వ్యాపారి ఇచ్చేవాడు, నేసి ఇచ్చి కూలి తెచ్చుకోవడమే మా పని. ఆ కూలితో అమ్మ ఇల్లు ఎలా నడిపిందో నా ఈడు వాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది గానీ, చెప్పకుండా ఉండలేను. అరిగిన సబ్బు పలుకును కొత్త సబ్బు వీపుకు అతికించడం, పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చించి దబ్బనంతో కుట్టి కొత్త పుస్తకమని నా చేతికివ్వడం, పొద్దు వాలి వంకాయలు వాడి బేరం దిగాకే సంతకు బయలుదేరడం, ఇవన్నీ అందరి ఇళ్ళలోనూ ఉన్నవే. పెనుకొండలో మేనత్త ఇంటికి బస్సు ఉన్నా మేం పాసింజరు రైలుకే పోయేవాళ్ళం, అదీ సంగటి ముద్దలు మూటగట్టుకుని. స్టేషన్లలో మురుకులవాడు వచ్చేసరికి అమ్మ దుమ్ము పడుతుందని రైలు కిటికీ దించేసేది. అది దుమ్ము గొడవ కాదని నాకు ఏడేళ్ళకే తెలుసు.

కానీ అమ్మకు ఇంకో పొదుపు ఉండేది, అది మగ్గాల ఇళ్ళలో తప్ప మరెక్కడా కనపడదు. చీరలో బుటాలు నేసినప్పుడు వెనకవైపు జరీ పోగులు వేలాడుతుంటాయి. చీర దించాక వాటిని కత్తిరిస్తే అరంగుళం, అంగుళం ముక్కలు రాలతాయి. వాటిని వ్యాపారి అడిగేవాడు కాదు. ఆ రోజుల్లో జరీ అంటే వెండి తీగకు బంగారు పూత, కాలిస్తే వెండి దిగేది. అమ్మ నేల మీద రాలిన ముక్కలను తడిగుడ్డతో అద్ది, ఒక్కటి కూడా పోకుండా పాలపొడి డబ్బాలో వేసి బొటనవేలితో అదిమేది. వీధిలో మిగతా ఆడవాళ్ళు ఏడాదికోసారి అమ్ముకుని ఏ గిన్నో చెంబో కొనుక్కునేవాళ్ళు. అమ్మ మాత్రం మూడేళ్ళ పాటు ఆ డబ్బాను ఎవరికీ చూపించలేదు, అమ్మలేదు.

కారణం నాయన కళ్ళు. నలభై దాటాక ఆయనకు దూరంగా ఉన్నది బాగానే కనపడేది గానీ, చేతిలో ఉన్న పోగు మసకబారేది. ఆ మాట ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు, బల్బు సరిగ్గా వెలగడం లేదని అనేవాడు. వంటింట్లో చీకటి భరిస్తూ కూడా అమ్మ మగ్గం మీద పెద్ద బల్బు వేయించింది. అయినా పోగులు తెగేవి, తెగిన కొస ఆయనకు దొరికేది కాదు. అప్పుడు అమ్మ ఏదో పని ఉన్నట్టు వచ్చి పక్కన కూర్చుని, పోగు అతికి, ఏమీ ఎరగనట్టు లేచిపోయేది. ఇద్దరూ కళ్ళు అనే మాటే ఎత్తేవాళ్ళు కాదు. చీరల్లో తప్పులు పడి వ్యాపారి కూలి కోస్తుండేవాడు. నేసేవాడికి చూపు తగ్గిందని తెలిస్తే ఆయన ఇక పట్టే ఇవ్వడు, మగ్గం ఆగితే మాకు ఇంకో ఆధారం లేదు. అందుకని ఊళ్ళో డాక్టరుకు చూపించాలన్నా అమ్మకు భయమే.

పైగా బుక్కపట్నంలో మా అవ్వకు కంటి ఆపరేషన్ చేయించడానికి మామ రెండు గొర్రెలు అమ్మాడు. నాయన కళ్ళకూ అంత అవుతుందని అమ్మ తనకు తానే తీర్మానించేసుకుంది. ఎవరినైనా ఒక్క మాట అడిగితే ఏం పోయేదని ఇప్పుడు నాకు కోపం వస్తుంది. కానీ అడిగితే ఏం వినాల్సి వస్తుందోనన్న భయం ఎలాంటిదో చేతిలో డబ్బు లేనివాళ్ళకే తెలుస్తుంది. అమ్మ ఆ భయంతోనే మూడేళ్ళూ ముక్కలు ఏరింది.

డబ్బా మూతి దాకా నిండాక, బంధువుల పెళ్ళికి పోతున్నామని వీధిలో చెప్పి ముగ్గురం హిందూపురం పాసింజరు ఎక్కాం. ధర్మవరంలో జరీ కొనేవాళ్ళు లేక కాదు, అక్కడ అమ్మితే ఏం అవసరం వచ్చిందని నలుగురూ అడుగుతారు. హిందూపురం బజారు సందులో ఒకాయన డబ్బాను కాగితం మీద బోర్లించాడు. పైన అదిమినవి కొన్ని తీసి కాల్చి చూశాడు. అడుగున ఉన్నవి కొన్ని తీసి కాల్చాడు. తర్వాత కుప్పను రెండుగా విడదీశాడు, ఒకటి గుప్పెడు, రెండోది పెద్దది.

“అడుగున ఉండేది వెండేనమ్మా. పైనదంతా రాగి జరీ. దానికి దుడ్లు రావు.”

వ్యాపారి మధ్యలో ఎప్పుడో జరీ మార్చేశాడన్నమాట. మెరుపు అదే, రంగు అదే. అమ్మ ఆ పెద్ద కుప్పలోంచి చిటికెడు తీసి వెలుగుకు పట్టి చూసింది. అప్పుడు నాయన నేల చూపులు చూస్తూ అన్నాడు.

“రెండేండ్లాయ మారి. నాకు చేతికి తెలుస్తాండె. నువ్వు అంత ఆశగా ఏరుకుంటాంటే చెప్పలేకపోతిని.”

అమ్మ తిట్ల పురాణం ఎత్తుకుంటుందనుకున్నాను. ఆమె మాత్రం వెండికి వచ్చిన డబ్బు కొంగున ముడి వేసుకుంది. ఇంక స్టేషన్‌కు పోదాం పదండని నాయన బయలుదేరాడు గానీ ఆమె కదల్లేదు.

“చార్జీలు పెట్టుకోని ఈడిదాకా వచ్చినాం. చూపించుకోకుండా ఎట్ల పోతాం?”

రైలు చార్జీ దండగ కాకూడదని మా నాయన కళ్ళు చూపించింది అమ్మ, నమ్మండి. డాక్టరు రెండు కళ్ళూ చూసి, ఇది చత్వారం, నలభై దాటితే అందరికీ వచ్చేదే, ఆపరేషనూ లేదు ఏమీ లేదు, ఎదురుగా దుకాణంలో అద్దాలు కొనుక్కోమని రెండు నిమిషాల్లో పంపించేశాడు. అద్దాల ధర అమ్మ రెండుసార్లు అడిగింది. ఆ గుప్పెడు వెండికి వచ్చిన డబ్బులోనే అద్దాలు పోను ఇంకా మిగిలింది. అంటే మొదటి ఏడాది ముక్కలు అమ్మినా సరిపోయేది.

దుకాణంవాడు నాయనకు అద్దాలు పెట్టి, అక్షరాలున్న అట్ట ఒకటి చేతికిచ్చాడు. నాయనకు అక్షరాలతో పెద్ద స్నేహం లేదు. అట్ట పక్కన పెట్టేసి, దగ్గరగా ఉన్నది ఏదైనా చూద్దామని కాబోలు, అమ్మ చెయ్యి అందుకుని కళ్ళ ముందుకు తెచ్చుకున్నాడు. తెగిన పట్టు పోగులు అతికీ అతికీ బొటనవేలి నిండా, చూపుడు వేలి నిండా సన్నటి గాట్లు. కొన్ని మానినవి, కొన్ని పచ్చివి.

“ఇవెప్పుడు అయినాయి మే?”

అమ్మ చెయ్యి లాక్కుంది. అందరూ చూస్తున్నారని సిగ్గు. నాయన కొత్త అద్దాలు తీసి కండువాతో తుడిచి, కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

ఆ తర్వాత చీరల్లో తప్పులు ఆగిపోయాయి, కూలి కోతలూ ఆగాయి. జరీ మారినప్పుడల్లా నాయన ముందుగా అమ్మకే చెప్పేవాడు. నేను చదువుకుని పంతులమ్మనై, ఉద్యోగం చేసి రిటైరై ఈ ఊళ్ళోనే స్థిరపడ్డాను. మన కాలపు పొదుపు గురించి సభల్లో గొప్పలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పొదుపే కదా మా నాయనను మూడేళ్ళు మసకలో కూర్చోబెట్టింది.

కిందటేడు నాకే కంటి ఆపరేషన్ అయింది. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశాను. ఎంతయిందని అడిగితే అది నీకెందుకమ్మా అన్నాడు మా అబ్బాయి. కట్టు విప్పిన రోజు కోడలు కాఫీ తెచ్చి ఇస్తుంటే ఆమె చేతులే చూశాను. నున్నగా, గాజులు మెరుస్తూ ఉన్నాయి. ఆ చేతులు ఎప్పుడూ అలాగే ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. నా చూపు కోసం ఎవరి వేలూ కోసుకుపోలేదని సంతోషపడ్డాను. ఆ సంతోషం అడుగున, నాయనకు అమ్మ ఉన్నట్టు నాకెవరూ లేరే అని చిన్న దిగులు కూడా తగిలింది, దానికి నాకే సిగ్గేసి కాఫీ గబగబా తాగేశాను.