ప్రేమదాసు నాలుక

శంషాబాద్‌కు ఇవతల, గగన్‌పహాడ్ గుట్టల కింద ఇల్లు కట్టుకున్న ప్రేమదాసుకు ఒకే ఒక్క అలవాటు ఉండేది. రాయి కనబడితే నాకేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు, పెళ్ళాం మీద చెయ్యెత్తడం లేదు, ఆదివారం ప్రార్థన మానడం లేదు. ఇంతటి మొగుడు దొరికినందుకు లీలమ్మది అదృష్టమంటే అదృష్టమని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అనేవాళ్ళు. అనడానికేం, ఆయనతో కలిసి బాట నడవాల్సింది వాళ్ళు కాదు గదా.

నడిస్తే తెలిసేది. బండ కనబడగానే ఆగిపోతాడు. వంగుతాడు. తువ్వాలుతో దుమ్ము దులిపి, నాలుకతో ఒక్కసారి గీసి, కళ్ళు మూసుకుని చప్పరించి, "ఉన్నది" అంటాడు. ఏమున్నది? బంగారం. బుద్వేల్ బాటలోని గుండులో ఉన్నది. రైలు పట్టాల కింద పోసిన కంకరలో ఉన్నది. మైలార్‌దేవ్‌పల్లిలో లీలమ్మ మేనమామ గడపరాయిలోనూ ఉన్నది. ఆ గడపను నాకే వేళకు లోపల మేనమామ కూతురికి పెళ్ళిచూపులు జరుగుతున్నాయి. వచ్చినవాళ్ళు గుమ్మంలో బోర్లాపడి ఉన్న ఈయన్ను చూసి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచిపోయారు. ఆ మేనమామ మళ్ళీ లీలమ్మను పేరు పెట్టి పిలవడానికి చాలా కాలం పట్టింది.

తప్పంతా ఆయనది కాదనుకోండి. వయసులో ఉన్నప్పుడు మైసూరు వైపు బంగారు గనుల్లో పనిచేసి వచ్చాడు. దుమ్ముపట్టిన రాయి తన రంగు చెప్పదు, తడిపితేనే చెబుతుంది. పాతాళంలాంటి ఆ చీకట్లో కడవతో నీళ్ళెవరు పెట్టారు? నాలుకే దిక్కు. అక్కడ పట్టిన అలవాటు ఇక్కడికొచ్చాక రుచుల శాస్త్రమైపోయింది.

"బంగారానికి రుచుండదే లీలా," అని చెప్పేవాడు. "అది సప్పగుంటది. దాని సుట్టాలకే రుచి. ఇనుముంటె వగరు. రాగి ఉంటె, కళాయి పోయిన ఇత్తడి గిన్నెల పెరుగు తోడేస్తరు సూడు, గట్ల వికారం. సుట్టాలు ఇంట్లుంటే పెద్దమనిషి లోపలున్నట్టే."

"నా సుట్టాల ముంగట నాకకపోతివా, నా ఇంట్ల గూడ పెద్దమనుషులుందురు," అనేది లీలమ్మ.

ఈ అలవాటు మాన్పించాలని లీలమ్మ గట్టిగానే పట్టుబట్టింది. ఆమె పట్టుబట్టిందంటే మామూలుగా ఊరే దిగివస్తుంది. దేవుడి మీద ఒట్టు వేయించింది. ఆయన వేశాడు, కాని ఏ రాయి మీద చెయ్యి పెట్టి వేశాడో ఆ రాయినే నాకాడు. ఇగ లాభం లేదని ఒకనాడు ఆయన అరుగు మీద పేర్చుకున్న రాళ్ళన్నిటికీ ఎండుమిరప కారం నూరి రాసింది. సాయంత్రం ప్రేమదాసు ఒక రాయి అందుకున్నాడు, నాకాడు. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు.

"లీలా," అన్నాడు రొప్పుతూ, "దీంట్ల గంధకమున్నట్టున్నదే. గంధకముంటె ఇగ బంగారం దూరం లేదు."

మిగతా రాళ్ళు కూడా ఒక్కొక్కటే నాకాడు. లీలమ్మ తల పట్టుకుని కూర్చుంది.

ఆ యేడు ప్రార్థన మందిరానికి పునాదిరాయి వేశారు. పాస్టరు జయశీలన్ గారు అందరినీ కళ్ళు మూసుకోమని, ప్రార్థన చాలా పొడుగ్గా చేశారు. అంతసేపు కొత్తగా చెక్కిన రాయి ఎదురుగా ఉంటే ఏ మనిషి ఆగుతాడు? ప్రార్థన ముగిసే నిశ్శబ్దంలో "ఉన్నది" అని గట్టిగా వినిపించింది. సంఘమంతా "ఆమెన్" అంది. కళ్ళు తెరిచి చూసేసరికి ప్రేమదాసు పునాది గుంటలో మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎంత భక్తి అని పాస్టరుగారు మెచ్చుకున్నారు. లీలమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఇంటిదాకా పరిగెత్తింది.

యుద్ధం రోజులొచ్చి కంట్రోలు బియ్యం ఇవ్వడం మొదలయ్యాక అందరూ ఏడ్చారు గాని ప్రేమదాసు పండగ చేసుకున్నాడు. ఆ బియ్యంలో సగం రాళ్ళే. ఊళ్ళో మగవాళ్ళు ముద్దకొకసారి పళ్ళు పటపటమంటుంటే కంచాలు విసిరికొడుతున్నారు. ప్రేమదాసు పంటికింద రాయిని బుగ్గన పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇది మనదిక్కు రాయి గాదు, ఏడికెల్లో దూరం కెల్లి వచ్చింది. ఉన్నది," అని కంచం అంచున పెట్టేవాడు. బియ్యం సరిగ్గా ఏరలేదని మొగుడితో తిట్టు తినని ఇల్లాలు ఆ యుద్ధకాలంలో లీలమ్మ ఒక్కతే. ఆ మాట మాత్రం ఆమె ఎవరికీ చెప్పేది కాదు.

ఇట్లా నడుస్తుండగా అనంతమ్మ చేను సంగతి వచ్చింది.

అనంతమ్మ లీలమ్మకు వెనకింటి నేస్తం. మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. బావ మల్లేశ్వర్ పంపకాల్లో చెరువు కింది భూమంతా తన దగ్గరే ఉంచుకుని, గుట్ట వాలులో ఉన్న రాళ్ళచేను ఆమె మొహాన కొట్టాడు. అదీ నోటిమాటే, కాగితంలో పేరు మల్లేశ్వర్‌దే. అనంతమ్మ ఆ రాళ్ళ సందుల్లోనే ఉలవలు, ఆముదాలు వేసుకుని పిల్లల్ని సాకుతోంది.

ఆ చేనులో ఒక పాత గని ఉంది. ఏ కాలంలో తవ్వారో ఎవరికీ తెలియదు. ముళ్ళకంపతో, మట్టితో పూడిపోయి, పాముల పుట్టగా ఉండేది. ఎన్నోసార్లు ప్రేమదాసు బతిమాలినా అనంతమ్మ మొగుడు బతికుండగా దగ్గరికి రానివ్వలేదు. ఆ యేటి వానలకు మట్టి జారి గని నోరు తెరుచుకుంది. ఎర్రటి బండ మధ్యన మూరెడు మందాన తెల్లటి పలుగురాయి చార ఏటవాలుగా లోపలికి దిగిపోతూ కనబడింది. మేకలు కాసుకుంటూ అటు వచ్చిన మల్లేశ్వర్‌కు ఆ తెల్లరాతిలో పాచికల్లాంటి పసుప్పచ్చ ముక్కలు తళతళమన్నాయి.

ఆయన ఒక ముక్క కొట్టుకుని శంషాబాద్ కంసాలి దగ్గరికి పరిగెత్తాడు. కంసాలి నిప్పుల్లో పెట్టి ఊదితే అది కంపుకొట్టి, పొగవచ్చి, నల్లటి చిట్టెం అయింది. "ఇది కాకిబంగారం పటేలా. గాని గిది ఉన్నకాడ అసలుది గూడ ఉండొచ్చు. గనుల పనిజేసినోన్ని అడుగు," అన్నాడు కంసాలి.

పట్వారి కూడా అదే మాట అన్నాడు. గనుల్లో పనిచేసిన మనిషి నలుగురి ముందు ఉందని చెబితే గని తవ్వకానికి సర్కారుకు అర్జీ రాస్తానన్నాడు. ఇగ మల్లేశ్వర్ ఆగుతాడా? నాలుగిళ్ళు దాటితే ప్రేమదాసు ఉన్నాడు, పుట్టి బుద్ధెరిగి 'లేదు' అననివాడు.

అనంతమ్మ ఏడుస్తూ లీలమ్మ దగ్గరికి వచ్చింది. "చేను ఇడిసిపెట్టి పొమ్మన్నడక్కా మా బావ. నీ పెనిమిటి ఒక్కమాటంటే చాలు, రేపే అర్జీ అంటున్నడు. పిల్లల్ని తీస్కొని యాడికి పోవాలె?"

లీలమ్మకు ఒళ్ళు మండింది. నేరుగా మొగుడి ముందు నిలబడింది. "నువ్వు ఆ గనికాడికి పోవద్దు."

ప్రేమదాసు కళ్ళు అప్పటికే వెలిగిపోతున్నాయి. "పాతకాలపు గనే లీలా. జీవితమంత ఎదురుజూసిన. ఎట్ల పోకుంట ఉంటనే?"

"పోతె పో. నాలుక మాత్రం ఇంట్ల పెట్టి పో."

మర్నాడు పొద్దున గని చుట్టూ ఊరంతా చేరింది. పట్వారి గొడుగేసుకుని వచ్చాడు. మల్లేశ్వర్ కొత్త ధోవతి కట్టుకుని వచ్చాడు. అనంతమ్మ పిల్లలిద్దర్నీ కొంగు కింద పెట్టుకుని దూరంగా నిలబడింది. లీలమ్మ ఆమె పక్కన నిలబడి, ఆయన నోరు ఈ ఒక్కపూట పడిపోవాలని దేవుణ్ణి వేడుకుంది. ఇట్లాంటి మొక్కు మొగుడి మీద మొక్కుకోవచ్చో లేదో పాస్టరుగార్ని తర్వాత అడగొచ్చనుకుంది.

నడుముకు తాడు కట్టుకుని, చేతిలో దీపంతో ప్రేమదాసు లోపలికి దిగాడు. తర్వాత కింది నుంచి గొంతు వినబడింది. "ఇక్కడ మంట బెట్టిండ్రు అయ్యా. బండ కాలినంక నీళ్ళు గొట్టి పగలగొట్టిండ్రు. పైన మసి ఇంక ఉన్నది. ఉలిదెబ్బలు సూడుండ్రి, నిన్న గొట్టినట్టున్నయి." తాతల తాతల పనితనాన్ని ఆ మనిషి ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టి చెబుతున్నాడు. ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది.

"నాకుతున్నడు," అన్నాడెవరో. అందరూ నవ్వారు.

పైకి వచ్చాడు. తాడు విప్పుకున్నాడు. అనంతమ్మ వైపు, పిల్లల వైపు ఒకసారి చూశాడు.

"చెప్పు దాసూ," అన్నాడు మల్లేశ్వర్. "ఉన్నదా?"

"లేదు," అన్నాడు ప్రేమదాసు.

మల్లేశ్వర్ చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "సరిగ్గ నాకినవా?"

"నాకిన. సప్పటి పలుగు. కాకిబంగారం తప్ప ఇంకేం లేదు."

పట్వారి గొడుగు ముడిచాడు. "పద పటేలా. రైలు కంకరల ఉన్నదన్నోడు, కంట్రోలు బియ్యంల ఉన్నదన్నోడు, గీడ లేదన్నడంటే ఇగ భూమి మీదనే లేనట్టు. దీనికి అర్జీ రాస్తే సర్కారోళ్ళు నన్ను నాకుతరు."

ఊరంతా నవ్వుకుంటూ దిగిపోయింది. మల్లేశ్వర్ కొత్త ధోవతికి అంటిన పల్లేరుకాయలు పీక్కుంటూ అందరికన్నా వెనక పోయాడు. రాళ్ళచేను మళ్ళీ రాళ్ళచేనైపోయింది.

లీలమ్మకు సంతోషం పట్టలేదు. ఆ సంతోషం అన్నం దగ్గరిదాకానే. పంటికింద రాయి పడగానే ప్రేమదాసు దాన్ని రుచి చూడకుండా ఊసేశాడు. నాకితే తిట్టాలనుకునే మనిషి నాకకపోతే ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. "పాణం మంచిగ లేదా? దవాఖానకు పోదామా?" అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపి, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు వెతుక్కుంటూ పోతే గని దగ్గర దొరికాడు. చేనులోని రాళ్ళన్నీ ఒక్కొక్కటే మోసుకొచ్చి గనిలోకి దొర్లిస్తున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. బాటన పోయేవాళ్ళు ఆశ చచ్చి మనిషికి పిచ్చెక్కిందని జాలిపడుతున్నారు.

"లేనిదానికి ఇంత కష్టమెందుకు?" అంది లీలమ్మ.

"మేకపిల్లలు పడ్తయి."

"మల్లేశ్వర్ మేకల మీద నీకంత ప్రేమేంది?"

ఆయన ఇంకో రాయి దొర్లించాడు. లీలమ్మ కొంగు దోపుకుని గనిలోకి దిగింది. వద్దే, జారుతవే అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. సగం పూడిన ఆ గుంతలో తెల్లచార ఆమె మొహానికి ఎదురుగా ఉంది. అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కొంగుతో దుమ్ము తుడిచి, కళ్ళు గట్టిగా మూసుకుని, నాకింది.

మొదట వగరు. వెంటనే వికారం. కళాయి పోయిన ఇత్తడి గిన్నె, తోడేసిన పెరుగు, అచ్చం అదే. కళ్ళు తెరిచింది. తడిసిన పలుగులో, ఆకుపచ్చ చిలుము పక్కన, దారప్పోగంత సన్నగా ఒక పసుపు గీత. పాచికల్లా తళతళమనడం లేదు. చెయ్యి అడ్డం పెట్టినా, తీసినా ఒకే పసుపు. రవిక పిన్నీసు తీసి పొడిచింది. పొడి రాలలేదు, మెత్తగా సొట్టపడింది.

లీలమ్మ గని లోపలి నుంచి తలెత్తి మొగుణ్ణి చూసింది.

"ఉన్నది," అంది.

"లేదు," అన్నాడు ప్రేమదాసు.

"పెరుగు లెక్కనే ఉన్నదయ్యా."

ఆయన గని అంచున కూలబడ్డాడు. "అన్నిట్ల ఉన్నదనుకుంటినే లీలా. అసలుది ఎట్లుంటదో నిన్ననే మళ్ళ ఎరికైంది. ఇన్నేండ్లు వట్టి రాళ్ళే నాకిన." చేతుల మట్టి దులుపుకున్నాడు. "గనులకాడ నా పక్కన ఒకాయన కూలికొచ్చెటోడు. బంగారం ఎల్లింది ఆయన చేన్లనే. మంచోడు. పొద్దుగూకినంక చెయ్యి పట్టుకొని సూపెట్టెటోడు. గా యంత్రం కింద ఉన్నదే, గది నా జొన్నచేను అని. అనంతమ్మ గట్ల సూపెట్టుకుంట తిరగొద్దు."

లీలమ్మ పైకి వచ్చింది. పక్కనే ఉన్న గుండును రెండు చేతులా ఎత్తి, లోపల ఆ పసుపు గీత ఉన్నచోటికి గురిచూసి వేసింది.

"లేదు," అంది. "నువ్వు జర ఆ పెద్దది అందుకో."

గని పూడేదాకా ఇద్దరూ రోజూ పొద్దున్నే పోయారు. ఎండకు ఒకరు ఆగితే రెండోవాళ్ళు ఆగనిచ్చేవాళ్ళు కాదు. ఏమీ తెలియని అనంతమ్మ మజ్జిగ తెచ్చిపోసి, "ఊరికెనే ఎందుకన్నా గీ పరేషాన్," అనేది. చేను శుభ్రపడేసరికి ఆ యేడు ఉలవలు బాగా పండాయి. ఆమె చేటనిండా తెచ్చి లీలమ్మ ఇంట్లో పోసింది.

లీలమ్మ వాటిని గుగ్గిళ్ళు చేసింది. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని తింటుంటే ఆమె పంటికింద రాయి పడింది. ఊయబోయి ఆగింది. బుగ్గన పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. కళ్ళు మూసుకుని చప్పరించింది.

ప్రేమదాసు తినడం ఆపి ఆమెనే చూస్తున్నాడు. "ఏమన్న ఉన్నదా?"

"ఉన్నది."

"ఏదీ, ఇటు తే. నేను జూస్త."

"ఇయ్య," అంది లీలమ్మ రాయిని రెండో బుగ్గకు మార్చుకుంటూ. "నీది నువ్వు ఏరుకో."