వెనక సీటు లేని కారులో సాంబారు

మా వంశానికి కార్లు అచ్చిరాలేదు. ఊళ్లో మొదటి కారు మా తాతగారే కొన్నారని బంధువులు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ కారు పెట్రోలుతో కన్నా పాలేళ్ల భుజబలంతో ఎక్కువ దూరం నడిచిందని మాత్రం ఎవరూ చెప్పరు. వెనక నలుగురు నెడుతుంటే ఆయన స్టీరింగు దగ్గర నిటారుగా కూర్చునేవారట. తర్వాత పొలాలు పోయాయి, మేడ పోయింది, నెట్టేవాళ్లూ పోయారు. నాకు వారసత్వంగా వచ్చింది ఆ నిటారుగా కూర్చునే అలవాటు ఒక్కటే.

అమెరికాలో, షికాగో శివారు నేపర్‌విల్‌లో ఆ అలవాటుకి పెద్ద పనేమీ ఉండేది కాదు. లీజుకి తీసుకున్న బూడిదరంగు సెడాన్‌లో స్టేషన్‌కి వెళ్లడం, అక్కడ షికాగో రైలెక్కడం, అంతే. స్టేషన్ పార్కింగ్ నిండా అచ్చం అలాంటి కార్లే. ఒక సాయంత్రం తలుపు రావడం లేదని గుంజుతూ ఉంటే వెనక నుంచి ఎవరో తెలుగులో అన్నారు: "అది నా కారండీ. పర్లేదు, నిన్న నేను మీది లాగాను."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నా కారు నేనే గుర్తుపట్టలేని బతుకు ఏం బతుకు?

లీజు ముగియబోతుండగా పక్కింటి పెద్దాయన తన మజిల్ కారు, అంటే కండలు తిరిగిన పాతకాలపు కారు, అమ్ముతానన్నాడు. ఆయన అమెరికన్, ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. కారు అరవైల చివర్లో తయారైంది. పొడుగాటి ముక్కు, ముదురు ఎరుపు. ఏళ్ల తరబడి దాన్ని తనకు నచ్చినట్టు మార్చుకుంటూ వచ్చాడు. ఇంజను పెద్దది వేశాడు, వెనక సీటూ దాని వెనకున్న అడ్డూ పీకేశాడు, ముందు రేసు సీట్లు బిగించాడు, డిక్కీలో కొత్త పెట్రోలు ట్యాంకు పెట్టాడు. స్టార్ట్ చేస్తే వీధి చివరి కుక్కలు జవాబిచ్చేవి.

"దీన్ని రోజూ నడపొచ్చా?" అని అడిగాను.

"వారం నీ దగ్గరే ఉంచుకో. అదే చెబుతుంది," అని తాళం చేతిలో పెట్టాడు.

మా ఆవిడది వరంగల్. ఆసుపత్రిలో ఫార్మసిస్టు. నన్ను దొరా అని పిలుస్తుంది. అది గౌరవమో వెక్కిరింతో నేనెప్పుడూ ఆరా తీయలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగి చూసింది.

"ఏంది దొరా, వెనక సీట్లేవి? ఆదివారం పాట్‌లక్‌కి సాంబార్ మనదే. నెత్తిన పెట్టుకొని పోతవా?"

ఇక్కడ తెలుగువాళ్లు కారు కొనేటప్పుడు మైలేజీ అడుగుతారు, రీసేల్ అడుగుతారు. మనసులో కొలిచేది మాత్రం తలా ఒక వంటకం తీసుకెళ్లే ఈ పాట్‌లక్‌లకి గిన్నె ఎక్కడ కుదురుతుందన్నదే.

"ముందు సీట్లో పెట్టి తీసుకెళ్తాను," అన్నాను.

"సరే. చుక్క ఒలకకుండ హాల్‌కి చేర్చు, బండి కొనుక్కో, నేనేం అనను. ఒలికిందో, మళ్ల ఆ గ్రే డబ్బానే. డీల్?"

"డీల్."

ఆ వారం నేను నడిపాననడం కన్నా కుస్తీ పట్టాననడం నిజం. క్లచ్ నొక్కీ నొక్కీ ఎడమ కాలు కుడి కాలికి దూరపు చుట్టంలా తయారైంది. కాఫీ కోసం డ్రైవ్‌త్రూలో ఆగితే స్పీకర్‌లోంచి అమ్మాయి, "సర్, మీ వెనకున్న ట్రక్కుని ఇంజన్ ఆపమంటారా?" అంది. నా వెనక ట్రక్కేమీ లేదు. చొక్కాలకి పెట్రోలు వాసన పట్టింది. పాత కార్లకి ఆ మాత్రం పరిమళం ఉంటుందిలే అనుకున్నాను. రైల్లో నా పక్క సీటు ఖాళీగా ఉండటం మొదలైంది. అది మర్యాద అనుకున్నాను.

ఆదివారం మా ఆవిడ సాంబారు కాచి, ఫాయిల్ చుట్ట తీసింది. నేను వారించాను.

"మా ఇంట్లో సాంబారు గిన్నెకి వాసెన కడతారు. మూత బిగిస్తే ఆవిరి నీళ్లై అందులోనే పడుతుంది, రుచి చస్తుంది."

"నీ వంశం, నీ సాంబార్. నాకేంది?" అని ఫాయిల్ సొరుగులో పడేసింది.

పల్చటి తెల్ల గుడ్డ గిన్నె మూతి మీద పరిచి, చుట్టూ తాడు బిగించి కట్టాను. రేసు సీటుకి నాలుగు బెల్టులుంటాయి. భుజాల మీదుగా రెండు, నడుముకి రెండు. నాలుగూ బిగిస్తే గిన్నె పీటల మీద పెళ్లికూతురిలా కుదురుగా కూర్చుంది. ఆ కారులో మా సంసారానికి పనికొచ్చిన మార్పు అదొక్కటే.

"దానికి నాలుగు బెల్టులు! నాకెప్పుడన్న ఒక్కటి పెట్టినవా?" అని మా ఆవిడ పందేనికి సాక్షిగా తన మినీవాన్‌లో నా వెనక బయల్దేరింది.

గుంతలు తప్పించుకుంటూ, సిగ్నళ్ల దగ్గర బ్రేకుని బుజ్జగిస్తూ హాలు దాకా తెచ్చాను. పార్కింగ్‌లో స్పీడ్ బ్రేకర్ మీద ఇంజను ఆగింది. మళ్లీ ఎన్నిసార్లు తిప్పినా దగ్గిందే తప్ప రాలేదు. లాల్చీల్లో ఉన్న మిత్రులు పరిగెత్తుకొచ్చారు.

"గురువుగారూ, హ్యాండ్ బ్రేక్ తీయండి!"

"అరే, మెల్లగా నెట్టండ్రా, లోపల సాంబార్ ఉంది!"

"దొరవారు కూడా ఉన్నారు."

"ఆయన ఒలికినా పర్లేదు."

నేను నిటారుగా కూర్చుని స్టీరింగు తిప్పాను. తాతగారికి ఆ కారంటే ఎందుకంత ఇష్టమో అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లకి మా వంశానికి మళ్లీ నెట్టేవాళ్లు దొరికారు, పైగా అందరికీ మాస్టర్స్ డిగ్రీలున్నాయి.

మా ఆవిడ సీటు మీదా, కిందా టిష్యూతో తుడిచి చూసింది. టిష్యూ తెల్లగానే ఉంది.

"చుక్క లేదు. గెలిచినవ్ దొరా."

సాంబారు నేనే వడ్డించాను. ముందుగా తిన్న ఒక ఆంటీ ముద్ద నోట్లో ఆపి, మర్యాదగా అడిగారు: "ఇంగువ ఏ బ్రాండండీ?"

మా ఆవిడ గరిటెడు తీసి వాసన చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత హాలంతా వినబడేలా అంది: "సాంబార్ క్యాన్సిల్! పెట్రోల్ వాసనొస్తుంది. ఎవ్వరు తినకండి, పెరుగుతోని కానియ్యండి."

డిక్కీలో ట్యాంకు, మధ్యలో అడ్డు లేదు, గిన్నె మీద పల్చటి గుడ్డ. ఫాయిల్ చుట్టి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

"గురువుగారూ, సాంబార్ లీటరుకి ఎంతిస్తుంది?" అన్నాడు నెట్టిన వాళ్లలో ఒకడు. ఆ పూట నేను పెరుగన్నం కూడా నిటారుగానే తిన్నాను.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ నవ్వకుండా అంది: "ఒలకలే. మాటంటే మాటే. కొనుక్కో."

ఇంజను చల్లబడి బుద్ధిగా స్టార్టయింది. నిండు గిన్నెని మళ్లీ నాలుగు బెల్టుల్లో పెట్టుకుని ఇంటిదారి పట్టాను. ఏ వాసన పట్టిందని ఈ సాంబారు పారబోయబోతున్నామో, ఆ గాలినే నేను వారం రోజులుగా పీలుస్తున్నాను. అది పరిమళం కాదని మొదటిసారి నా ముక్కుకీ తెలిసింది.

పక్కింటాయనకి తాళం తిరిగిస్తూ సంగతి చెప్పాను.

"కిటికీలు దించి నడపాలయ్యా," అన్నాడు.

"జనవరిలో?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "జనవరిలో నేను ట్రక్కు నడుపుతాను."

మళ్లీ బూడిదరంగు సెడానే తెచ్చుకున్నాను. వాసెన గుడ్డ ఎంత ఉతికినా పసుపు మరక వదల్లేదు. దాన్ని పక్క అద్దానికి, మా ఇంటి ముడితోనే బిగించి కట్టాను. ఇప్పుడు స్టేషన్‌లో నా కారు నాకు ప్లాట్‌ఫాం మీంచే కనబడుతుంది.