కుంకుడు రసంలో లాజిక్

ఒక మనిషి రెండేళ్ల కష్టాన్ని ఒక్క కాఫీ తాగేలోపు గంగలో కలపడం ఎలాగో నాకు బాగా తెలుసు. స్వానుభవం. మీరు నవ్వుకోవడానికే చెబుతున్నాను కాబట్టి మొహమాటపడకండి. ఆ రోజు నన్ను ఎదురుగా చూసినవాళ్లు కూడా పడలేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం. కొత్తగా ఏదైనా కనిపెట్టినవాళ్లు మా దగ్గరికి వస్తే, దాని మీద హక్కు వాళ్లకే దక్కేలా దరఖాస్తు రాసిపెట్టడం మా పని. పని అక్కడ చేసేవాణ్ణి గానీ, మనసంతా పక్కనే ఫిల్మ్‌నగర్‌లో ఉండేది. అక్కడ నేను సినిమా రచయితని. ఆ సంగతి అప్పటికి నాకొక్కడికే తెలుసు.

నా దగ్గర ఒక కథ ఉండేది. హీరో శాస్త్రవేత్త. అతని చొక్కాకి తూటా తగిలితే తూటాయే సొట్టపోతుంది. ముగ్గురు నిర్మాతలకు చెప్పాను. ముగ్గురూ ఇడ్లీ పెట్టించి, కథలో లాజిక్ లేదని చెప్పి పంపించేశారు.

అలాంటి రోజుల్లో మా ఆఫీసుకి స్రవంతి గారు వచ్చారు. నలభై దాటిన మనిషి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం మానేసి, బోరబండలో రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని ప్రయోగాలు చేస్తున్నారు. పెన్సిల్ ముల్లులో గ్రాఫైట్ ఉంటుంది చూశారూ, అది పూతరేకుల దొంతరలాంటిది. ఆ రేకుల్ని చిరగకుండా విడదీస్తే ఒక్క పరమాణువు మందాన పొర వస్తుంది. దాన్నే గ్రాఫీన్ అంటారు. రంగులో కలిపి పూస్తే ఇనుము అంత తొందరగా తుప్పు పట్టదు. ఘాటు రసాయనాల జోలికి పోకుండా, కుంకుడుకాయ రసంతో ఆ పొరల్ని విడదీసే పద్ధతి ఆవిడ కనిపెట్టారు. బంజారాహిల్స్‌లో ఒక రంగుల కంపెనీ ఆసక్తి చూపించింది గానీ, పేటెంట్ దరఖాస్తు పడ్డాకే మాట్లాడతామంది. అంటే ఆవిడ మానేసిన ఉద్యోగం, పడ్డ కష్టం, ఇంట్లో పడ్డ మాటలు అన్నీ ఒక్క దరఖాస్తు మీద ఆధారపడి ఉన్నాయి. ఆ దరఖాస్తు రాసే పని నా చేతిలో పడింది.

ఆవిడ నా ఎదురుగా కూర్చుని గంటన్నర సేపు ఓపికగా వివరించారు. నేను తలూపుతూ చకచకా రాసుకున్నాను. రాసుకున్నదాంట్లో సగం ఆవిడ చెప్పింది, మిగతా సగం నా క్లైమాక్స్ ఫైటు. వెళ్తూ వెళ్తూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగారు.

"తమ్మీ, దరఖాస్తు పడేదాంక ఈ ముచ్చట బయటికి పోవద్దు. పోయిందంటే నా బతుకు ఆగమైతది."

నా మీద వదిలేయమన్నాను. వదిలేశారు, పాపం.

దరఖాస్తు వేయడానికి ఒక్క రోజుందనగా ఫిల్మ్‌నగర్ నుంచి ఫోనొచ్చింది. రత్తయ్య గారని, గోదావరి జిల్లాలో రైస్ మిల్లులు నడిపి కొత్తగా సినిమాల్లోకి దిగిన నిర్మాత. కథ వింటాను, ఫలానా కాఫీ హోటల్‌కి రమ్మన్నారు. మధ్యాహ్నం సెలవు పెట్టేసి పరిగెత్తాను. ఆయన పక్కన మేనేజరు కూర్చుని ఫోనులో వీడియో తీస్తున్నాడు. విన్న కథ మర్చిపోకుండా అలా తీయించుకోవడం ఆయనకు అలవాటట. నన్నెవరైనా వీడియో తీయడం అదే మొదటిసారి కాబట్టి నాకేమీ అభ్యంతరం కనిపించలేదు. జుట్టు మాత్రం సర్దుకున్నాను.

అంతా విని రత్తయ్య గారు అన్నారు: "బాగుందండీ రైటర్ గారూ. కానీ చొక్కాలోకి తూటా ఎందుకు దిగదండీ? లాజిక్ కావాలి కదండీ."

నన్ను రైటర్ గారూ అని పిలిచిన మొదటి మనిషి ఆయన. ఆ పిలుపు చెవిన పడ్డాక నేను నేలమీద లేను. చొక్కాకి గ్రాఫీన్ పూత ఉందన్నాను. అదెలా వస్తుందన్నారు. కుంకుడు రసంతో అన్నాను. కుంకుడు రసంతో ఎలా అన్నారు. కనీసం అక్కడైనా నోరు మూసుకోవలసింది. టిష్యూ కాగితం లాక్కుని, తాజా కుంకుడు రసం ఎంత పొయ్యాలో, గ్రాఫైట్ పొడి ఎంత వెయ్యాలో, మిక్సీ ఎంతసేపు తిప్పాలో బొమ్మలు గీసి మరీ చెప్పాను. వంటల కార్యక్రమంలో కూడా అంత వివరంగా చెప్పరు.

"లాజిక్ అంటే ఇదండీ," అని రత్తయ్య గారు మురిసిపోయారు. ఆ రోజు నాకు ఇడ్లీతో పాటు వడ కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున ఆఫీసులో కూర్చుని ఫోను తెరిస్తే నేనే కనిపించాను. "మా రైటర్ గారి సైన్స్ చూడండి" అని రత్తయ్య గారు ఆ వీడియోని లోకం మీదికి వదిలేశారు. చేతిలో టిష్యూ కాగితం, దాని మీద బొమ్మ, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆయనకు ఫోను చేసి, దండం పెడతాను తీసేయండి అన్నాను.

"తీసేయడమేంటండీ, జనం తెగ చూస్తుంటేనూ. మీ పేరు పడలేదనాండీ? పెద్దక్షరాలతో వేయిస్తానండీ."

సిగ్గులేకుండా చెబుతున్నాను, ఎంత పెద్దక్షరాలో అడుగుదామని ఒక్క క్షణం అనిపించింది.

మా ఆఫీసు యజమాని మూర్తి గారి దగ్గరికి వెళ్లి ఫోను బల్ల మీద పెట్టాను. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. వీడియో మొత్తం చూసి కళ్లజోడు తీశారు.

"దరఖాస్తు వేసేనాటికి అది లోకానికి తెలియనిదై ఉండాలయ్యా. ఇప్పుడది ఫిల్మ్‌నగర్‌లో టిఫిన్ చేసే ప్రతివాడికీ తెలుసు."

ఏదైనా దారి లేదా అని అడిగాను. మన చట్టంలో ఒక సందు ఉందన్నారు. ఆవిడ అనుమతి లేకుండా వేరేవాళ్లు బయటపెట్టారని నిరూపించి, ఆలస్యం చేయకుండా దరఖాస్తు వేస్తే గట్టెక్కవచ్చట. బయటి దేశాలన్నిట్లో ఆ వీలు ఉండదట.

"ఆ వేరేవాళ్లు అంటే ఎవరండీ?" అన్నాను.

"నువ్వే. నమ్మి చెప్పిన మాట బయటపెట్టానని ప్రమాణపత్రం రాసివ్వాలి. కూర్చుని రాయి. నీకు రాయడమంటే ఇష్టం కదా."

నేను ద్రోహినని మూడో వాక్యం రాస్తుండగా స్రవంతి గారు వచ్చారు. దరఖాస్తు మీద సంతకాలు పెట్టడానికి రమ్మన్నది నేనే. జరిగింది మూర్తి గారే చెప్పారు. నేను తలెత్తలేకపోయాను. నిజంగా ఏడుపొచ్చింది. ఆవిడ తిట్టినా బాగుండేది. వీడియో అడిగి తీసుకుని, చివరిదాకా చూసి, మళ్లీ మొదటినుంచి చూశారు. తర్వాత ఫోను బల్ల మీద పెట్టారు.

"ఇది నాది కాదు సార్," అన్నారు.

మూర్తి గారు అర్థంకానట్టు చూశారు.

"తాజా రసం అందరు ఏసి చూసిండ్రు. పొరలు ఊడినట్టే ఊడి మళ్ల అంటుకుంటయ్. నేను మూడు దినాలు పులియబెడ్త. నేను కనిపెట్టింది గదే. ఈ తమ్మి ఆ ముచ్చటే చెప్పలే."

నా ప్రాణం లేచొచ్చింది. ప్రమాణపత్రాన్ని నాలుగు ముక్కలు చేశాను. ఆవిడ రహస్యం క్షేమంగా ఉంది, ఎందుకంటే అది నాకు తెలియనే తెలియదు. ఇక సంతకాలు పెట్టేయండి మేడమ్ అంటూ హుషారుగా దరఖాస్తు ఆవిడ ముందుకి తోశాను. దాన్ని మూర్తి గారు అందుకున్నారు. మొదటి పేజీలో తాజా కుంకుడు రసం. రెండో పేజీలో తాజా కుంకుడు రసం. హక్కు కోరుతున్నామని రాసిన పేజీలో అయితే నాలుగుసార్లు తాజా కుంకుడు రసం.



దరఖాస్తు మొన్న పంపితే చదవలేదా అమ్మా అని మూర్తి గారు మెల్లగా అడిగారు. వకీళ్ల ఇంగ్లీషు తనకేం అర్థమైతదని రెండు లైన్లు చూసి వదిలేశానని, సంతకం పెట్టి పోదామనే వచ్చానని ఆవిడ అన్నారు. అంటే నేను ఆ వీడియోలో నోరు జారకపోయి ఉంటే, అందరూ చేసి వదిలేసిన పనిని ఆవిడ కనిపెట్టినట్టుగా ఆ రోజే దాఖలు చేసి ఉండేవాళ్లం.

దరఖాస్తు మొత్తం అప్పటికప్పుడు మూర్తి గారే కూర్చుని కొత్తగా రాశారు. సాయంత్రానికి అది దాఖలైంది. నాకు ఆ రోజు టీలు తెచ్చే పని మాత్రమే అప్పజెప్పారు. ఆ వీడియోని తొలగించమని రత్తయ్య గారితో తాను మాట్లాడతానని మూర్తి గారంటే స్రవంతి గారు వద్దన్నారు.

"ఉండనియ్యుర్రి సార్. నా లెక్క చేద్దామనుకునేటోళ్లు అది చూసి తాజా రసమే పోస్తుంటరు."

నేను ఆ రోజే, మూర్తి గారి ఎదుట, చేతిలో టీ ట్రేతో నిలబడి ఘోరమైన ప్రతిజ్ఞ ఒకటి చేశాను. ఎవరి రహస్యాన్నయినా సరే, పూర్తిగా అర్థం చేసుకోకుండా జన్మలో బయటపెట్టనని. నేటివరకు మాట తప్పలేదు. ఇప్పటిదాకా ఒక్కటి కూడా పూర్తిగా అర్థం కాలేదు.