నేను పంపని సగం ఫోటో

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఊరు ఊరంతా మా వాడాకు, మా పాత పెద్ద లోగిలికి, భయపడిన రోజుల్లో మాకు ఇంకొకదానికి భయపడే అవసరం రాలేదు. ఇప్పుడు ఆ వాడా లేదు, ఆ భయమూ లేదు. నేను మాత్రం మారలేదు. పోయిన ఏడు శ్రావణంలో, చంద్రపూర్‌లో నేనుండే అద్దె ఇంట్లో, పట్టపగలు, మరో ఐదుగురి ముందు జరిగింది ఇది. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది మహారాష్ట్రలోని రాజురా తాలూకాలో ఒక తెలుగు ఊరు. మూడు తరాలు ఊరి పెత్తనం, పటేల్‌గిరీ మా ఇంట్లో ఉంది. భూమి కొంత కోర్టు కేసుల్లో పోయింది, మిగిలింది మా నాయన మొండితనంలో పోయింది. వాడా కూలాక దాని దూలాలు ఎవరెవరి ఇళ్లకు చేరాయో నాకు తెలుసు. ఆ ఇళ్ల ముందు నడిచేటప్పుడు నేను తల తిప్పను. బతకడానికి ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రరీ చూసుకుంటున్నాను. మా పేరుకు మిగిలింది ఒక్కటే, పోళా నాటి మాన్, అంటే మొదటి మర్యాద.

పోళా అంటే మా వైపు ఎద్దుల పండుగ. శ్రావణ అమావాస్య నాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, ఊరి బయట మామిడాకుల తోరణం ముందు నిలబెడతారు. మొదట తోరణం దాటే జోడీ ఎవరిదైతే మాన్ వారిది. ఆ జోడీ కదిలేదాకా ఊళ్లో ఇంకో ఎద్దు కదలదు. మా ఊళ్లో ఆ మొదటి తాడు మా ఇంటి చేతిలో ఉండేది. మాకు ఎద్దులు లేక చాలా కాలమైంది. ప్రతి ఏడూ ఎవరిదో జోడీ అడిగి తెచ్చి, తాడు నేను పట్టుకుని దాటించేవాణ్ని. వెనక నవ్వేవాళ్లు నవ్వుకునేవాళ్లు.

పోయిన ఏడు మల్లేశ్ అడ్డం తిరిగాడు, మాన్ తమ ఇంటిదన్నాడు. ఊళ్లో ఇప్పటికీ రెండు జోళ్ల ఎద్దులతో సేద్యం చేస్తున్నవాడు అతనొక్కడే. అతని ముత్తాత ఎల్లయ్య మా ఇంట్లో జీతగాడు. వర్ధా నదికి వరద వచ్చినప్పుడు ఎల్లయ్య మా జోడీని ఈదించి ఒడ్డుకు తెచ్చాడట. ఆ ఏడు పోళా నాడు మా తాత తన తల రుమాలు తీసి ఎల్లయ్య తలకు చుట్టి, తాడు అతని చేతికిచ్చి, ఇక మాన్ నీ ఇంటిదే అన్నాడట. మరుసటి ఏడే తాత పోయాడు. తాడు మా నాయన తీసుకున్నాడు.

ఇది వాళ్లు చెప్పుకునే కథ. సాక్ష్యంగా వాళ్ల ఇంట్లో ఒక పాత జరీ రుమాలు ఉంది. అది ఎల్లయ్య మా వాడాలోంచి ఎత్తుకుపోయినదని మా నాయన ఊరంతా చెప్పాడు. ఊరు మా నాయన మాటే విన్నది. ఎల్లయ్య దొంగ పేరుతోనే పోయాడు. ఆయన కోడలు లచ్చవ్వ, మల్లేశ్ నాయనమ్మ, ఇంకా బతికే ఉంది.

పోళాకు ముందే తేల్చాలని ఊరి కమిటీ అన్నది. నా దగ్గర సాక్ష్యం ఉంది, వచ్చి చూడండి అని కబురు పంపాను. ఊరి చావడిలో నిలబడి అడుక్కునే అలవాటు మాకు లేదు.

నా సాక్ష్యం ఒక ఫోటో. అరచేతి కంటే చిన్నది. తోరణం కింద మా తాత షేర్వానీలో నిలబడి ఉంటాడు, పక్కన మా జోడీ. వెనక ఆయన ఉర్దూలో రాసిన సంవత్సరం, మల్లేశ్ వాళ్లు చెప్పే సంవత్సరమే. ఆ ఏడు జోడీ పక్కన ఉన్నది మా తాతే అయితే వాళ్ల కథ అబద్ధమన్నట్టే.

ఫోటో కుడి అంచు కత్తెరతో కత్తిరించి ఉంది. ఎద్దు ముకుతాడు ఆ అంచుదాకా పోయి తెగిపోతుంది. మా తాత కుడి చెయ్యి పైకి లేచి, మణికట్టు దగ్గర తెగిపోతుంది. ఆయన తల మీద రుమాలు లేదు. ఎండకు తీసి ఉంటాడు అనేవాడు నాయన. ఫ్రేములో పట్టక కత్తిరించామనేవాడు. పెద్ద ఫ్రేము ఎందుకు కొనలేదని నేను అడగలేదు.

అంత చిన్న ఫోటోను నలుగురి చేతులు మారనివ్వడం ఇష్టం లేక కాలేజీలో స్కాన్ చేయించాను. మూతపడిన ఒక ట్యూషన్ సెంటర్ నుంచి పాత ప్రొజెక్టర్ కొన్నాను. కేబుల్‌తో కలిపితే చిక్కు లేదని అమ్మినవాడు చెప్పాడు. కానీ ప్రొజెక్టర్ ఉన్న అల్మారా నుంచి నా లాప్‌టాప్ దాకా వైరు లాగితే అది జంపఖానా మధ్యలోంచి పోతుంది. మా ఇంటికి వచ్చిన పెద్దమనిషి వైరు దాటి వచ్చి కూర్చోవడం నాకు సరిపడదు. అందుకని వైరు లేకుండా కలపడం నేర్చుకున్నాను.

కష్టమేం కాదు. రెండూ ఒకే వైఫై మీద ఉండాలి. కంప్యూటర్‌లో దగ్గరున్న తెరలను వెతికితే ప్రొజెక్టర్ పేరు వస్తుంది. నొక్కితే గోడ మీద ఒక నంబర్ పడుతుంది, దాన్ని కంప్యూటర్‌లో కొట్టాలి. అరక్షణం ఆలస్యంగా మన తెర మీది బొమ్మే గోడ మీదికి వస్తుంది. రెండు సాయంత్రాలు అభ్యాసం చేశాను. కనీసం ఇరవైసార్లు కలిపి చూశాను. ప్రతిసారీ అదే సగం ఫోటో, అదే కత్తెర అంచు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ మధ్యాహ్నం సన్నగా వాన పడుతోంది. కిటికీలకు దుప్పట్లు కట్టాను. కమిటీ పెద్ద గణపతి మాస్తరు, ఆయనతో ఇద్దరు ముసలివాళ్లు, మల్లేశ్, లచ్చవ్వ వచ్చారు. లచ్చవ్వ గోడకు ఆనుకుని కూర్చుని గది నలుమూలలా చూసింది. ఇంత చిన్న ఇంట్లో మమ్మల్ని చూడటం ఆమెకు అదే మొదటిసారి.

"వైరు లేకుండ బొమ్మ యాడికెళ్లి వస్తది, గాలిలకెళ్లా?" అన్నాడు మల్లేశ్.

"పటేలు తల్చుకుంటే గాలి గూడ చెప్పినట్టు ఇంటది బిడ్డ," అన్నది లచ్చవ్వ. తర్వాత నా వైపు తిరిగింది. "మీ తాతను చూపెడితివి సరే, మా మామను గూడ జర చూపెట్టు పటేలా. ఆయన మొకం మర్షిపోతున్న."

ఆయన ఇందులో లేడని చెప్పాను. నంబర్ కొట్టి ఫోటో తెరిచాను.

నేను చూస్తున్నది లాప్‌టాప్‌నే, గోడను కాదు. లాప్‌టాప్‌లో సగం ఫోటోనే ఉంది. లచ్చవ్వ మెల్లగా లేచి నిలబడింది. అప్పుడు తల తిప్పాను.

గోడ మీద ఫోటో కత్తెర అంచు దగ్గర ఆగలేదు. తాడు ముందుకు పోయి ఒక మనిషి చేతిలో ముగిసింది. బక్కపలచని మనిషి, కాళ్లకు చెప్పుల్లేవు, తల మీద జరీ రుమాలు. మా తాత కుడి చెయ్యి ఆ రుమాలు మీద ఉంది. జారకుండా సర్దుతున్నట్టు, వేళ్ల కొసలు దాని మడత లోపల ఉన్నాయి. ఆ చేతి ఉంగరం వేలికి ఒక ఉంగరం. అది ఇప్పుడు నా వేలికి ఉంది.

లచ్చవ్వ గోడ దగ్గరికి పోయింది. సగం బొమ్మ ఆమె వీపు మీద, చీర మీద పడింది. "మా మామనే. ఈ చెవ్వు చూడు, సగం లేదు. కోడె కుమ్మింది," అన్నది. చూశాను. చెవి సగమే ఉంది. ఆ సంగతి నాకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

గణపతి మాస్తరు నా దగ్గరికి జరిగాడు. ఆయన తండ్రి మా ఇంటి ఉప్పు తిన్నవాడు. "ఇది కంప్యూటర్ మాయ పటేలా. ఇప్పుడు ఫోన్లల్లనే ఎవలి పక్కకు ఎవలినైన నిలవెడుతుండ్రు. గిది లెక్కల పట్టం. నువ్వు ఊ అను, చాలు."

ఊ అంటే చాలు. లాప్‌టాప్ వాళ్ల వైపు తిప్పితే ఇంకా చాలు. అందులో సగమే ఉంది, అది నిజం కూడా. మాన్ నాకే మిగిలేది. ఆ ఉంగరం సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

మా ఇంట్లో అబద్ధంతో బతికినవాడు లేడని చెప్పుకుంటూ పెరిగాను. కత్తెర పట్టుకున్నవాడు ఒకడున్నాడని ఆ గోడ ముందే తెలిసింది.

"మాయ కాదు మాస్తరూ," అన్నాను. "ఆ చెయ్యి మా తాతది. రుమాలు ఆయన పెట్టిందే."

లచ్చవ్వ గోడ మీంచి చెయ్యి తీయలేదు. "మా మామ దొంగ గాదని గూడ అను. గీళ్లందరు ఇనాలె."

అన్నాను. నా జీవితంలో ఒకరు అనమంటే నేను అన్న మాట అదొక్కటే.

కాసేపటికి కనెక్షన్ దానంతట అదే తెగిపోయింది. మళ్లీ కలిపాను. ఈసారి సగం ఫోటోనే వచ్చింది, కత్తెర అంచుతో సహా. అది కూడా ఐదుగురూ చూశారు.

కాలేజీలో కంప్యూటర్లు చూసే అతనికి అన్నీ చూపించాను. ఫైలు ఒక్కటే, దానికి వేరే సగం లేదన్నాడు. కంప్యూటర్ పంపిందే ప్రొజెక్టర్ చూపిస్తుంది, సొంతంగా ఏమీ చూపించదన్నాడు. పక్కింటి ఫోన్ ఏదైనా కలిసిందేమో అన్నాడు. నంబర్ లేకుండా కలవదని తనే చెప్పాడు. కలిసినా, మా తాత చెయ్యి పక్కింటి ఫోన్‌లో ఎందుకుంటుంది? మా నాయన పెట్టె, పాత ఫ్రేము వెనక అట్ట, అన్నీ వెతికాను. కత్తిరించిన ముక్క దొరకలేదు.

పోళా నాడు ఊరికి పోయాను. రాలేదని ఎవరూ అనకూడదని పోయాను. మల్లేశ్ ఆ పాత రుమాలు చుట్టుకుని వచ్చాడు. నన్ను చూసి తాడు ఒక చెయ్యి పట్టమన్నాడు. వద్దన్నాను. అతని జోడీ తోరణం దాటేదాకా నిలబడి, చంద్రపూర్ బస్సెక్కాను.

ప్రొజెక్టర్ అమ్మలేదు. అప్పుడప్పుడు వైరు లేకుండా కలిపి చూస్తాను, వైరు పెట్టి కూడా చూశాను. మా తాత చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆ ఒక్కరోజు ఎందుకు ఆగలేదో నాకు ఇప్పటికీ తెలియదు.