చుట్టూ వినే యాంటెన్నా

మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. మా ల్యాబ్ మేడం మలక్‌పేటల వాళ్లింట్లనే కన్ను మూసిండ్రని. ఆమెకు చెప్పుకోవాల్సిన మాట ఒకటి నా దగ్గరనే ఉండిపోయింది.

పాలిటెక్నిక్‌ల నాకు వైర్‌లెస్ నేర్పింది ఆమెనే. స్క్రూలు కొంగుకు ముడేసుకొని డాబా ఎక్కేటోళ్లు. క్లాసుల మేం అరిస్తే, "మెల్లగ మాట్లాడుండ్రి బిడ్డా, పక్కోళ్లకు గూడ ముచ్చట్లుంటయి" అనేటోళ్లు.

వానలకు సెల్ టవర్లు బందైతే బహదూర్‌పురా గల్లీలల్ల ఒకరి కబురు ఒకరికి అందకపోయేది. రిటైరైనంక మేడం నన్ను ఎంబడి పెట్టుకొని అక్కడి డాబాల మీద చిన్న వైర్‌లెస్ డబ్బాలు పెట్టిచ్చిండ్రు. ఫోన్ల రాసిన కబురును ఒక డబ్బా ఇంకో డబ్బాకు అందిస్తది, టవర్ అక్కర్లేదు. మొదట్ల అన్నిటికీ నిలువు కడ్డీ యాంటెన్నాలే. అవి నాలుగు దిక్కులకూ పంపుతయి. ఇద్దరు ఒక్కసారే పంపితే రెండు కబుర్లూ చెడిపోయేటివి. మస్తు లొల్లి. అందుకని మేడం ఒక్క దిక్కుకే పంపే యాంటెన్నాలు బిగించి, పక్క డాబాకు గురి పెట్టిండ్రు. లొల్లి తగ్గింది. పాత కడ్డీలను మాత్రం చుట్టూ వినుడు కోసమని ఉంచిండ్రు.

"వీటితోని ఊకె చెత్త సిగ్నల్ వస్తది, తీసేద్దాం మేడం" అన్న నేను.

"ఉండనియ్యి. ఎవరు ఎటు నుంచి పిలుస్తరో మనకేం ఎరుక?"

ఆమె జ్వరంతోని పండుకున్న వారం, అడగకుండనే నేను అన్నీ పీకేసిన.

ఆ నెలనే వరద వచ్చింది. ఆ గల్లీల పాల డైరీ నడిపే అన్న ఇంట్లకు నీళ్లు జొచ్చినయి. తల్లినీ, డబ్బానూ ఎత్తుకొని ఆయన వెనకింటి ఎత్తు డాబా ఎక్కిండు. యాంటెన్నా మా దిక్కు తిప్పిండు. మావే ఆయన పాత డాబా దిక్కున్నయి, కొత్త దిక్కు వినే కడ్డీ ఒక్కటి గూడ లేదు. నీళ్లు తగ్గి మేం పోయేసరికి ఆ తల్లి పానం పోయింది. డబ్బాల ఒక్కటే కబురు, మళ్లీ మళ్లీ పంపింది: "అమ్మకు ఊపిరి ఆడుతలేదు. ఎవరన్న రాండ్రి."

"మా కబురు ఎందుకు అందలే మేడం?" అని అడిగిండు అన్న.

"చుట్టూ వినేటివి తీసేసినం నాయనా. తప్పు నాదే."

ఆమె వెనక నేను తల వంచుకొని నిలబడ్డ. తిరిగొస్తుంటే ఆటోల నేను "మేడం, అవి..." అనబోయిన.

"రేపు నిచ్చెన పట్టుకురా" అన్నరు, బయటికి చూసుకుంట.

మోకాళ్ల నొప్పులతోనే ప్రతి డాబా ఎక్కి కడ్డీలు మళ్ల ఆమెనే బిగించిండ్రు. నన్ను ఒక్కటి గూడ ముట్టనియ్యలే. ఆ ముచ్చట మళ్లెన్నడూ ఎత్తలే. నేనూ ఎత్తలే. ఇప్పటికీ వాన పడుతుంటే నా ఫోన్ చూసుకోవాలంటే భయం. ఆ కబురు ఇంకా వస్తనే ఉన్నట్లుంటది.

మేడం దహనానికి డైరీ అన్న గూడ వచ్చిండు. అయిపోయినంక ఇద్దరం గల్లీ మూలకు చాయ్ తెచ్చుకొని నిలబడ్డం.

"అన్నా, గా యాంటెన్నాలు తీసింది మేడం కాదు. నేను."

నోటి దాంక తెచ్చిన చాయ్ దించిండు.

"మేడంకు ఎరుకేనా?"

"ఎరుకే."

ఆయన చేతిల చాయ్ మీద మీగడ కట్టింది. నా చాయ్ మీద గూడ. ఇద్దరం తాగలే.