షబ్రీన్ పెట్టిన కావలి

ఇల్లందు దర్జీ అహ్మద్ పాషా కూతురు షబ్రీన్‌కు చిన్ననాటి నుండీ ఒక అలవాటు: వేసిన కుట్టు నిలిచిందో లేదో అని లాగి చూడడం. "లాగి లాగి నువ్వే ఊడగొడ్తవ్ బిడ్డా" అని తల్లి అక్బరీ బేగం ఎన్నిమార్లు కసిరినా ఆ చేయి ఊరుకోలేదు. ఖమ్మంలో, అడవిపల్లెల పెద్దల మాటలను రికార్డు చేసి భద్రపరిచే ఒక చిన్న సంస్థలో ఆ రికార్డులు దాచే యూనిక్స్ సర్వరు బాగోగులు చూసే కొలువు దొరికాక, ఆ అలవాటు సూదిని విడిచి కీబోర్డును పట్టుకొన్నది.

ఆ వేసవిలో సర్వరు నిండిపోయింది. మేనేజరు నాగరాజు తేల్చి చెప్పాడు: "ఎవ్వరు తెరవని ఫైళ్లు తీసెయ్యమ్మా. నెలాఖరుకు జాగ ఖాళీ గావాలె."

షబ్రీన్ ఆ ఫైళ్ల పట్టీ తీసి చూసింది. అడవిదుంపల్లో ఏది చేదో, ఏది విషమో, దేనిని వాగునీటిలో ఎంతకాలం నానవేయాలో అడవిపల్లె ముసలవ్వ భీమక్క తన భాషలో చెప్పిన రికార్డు అందులో ఉన్నది. నిరుటి వానల్లో భీమక్క కన్నుమూసింది. "ఇది ఎవలన్న ఇంటరా బిడ్డా?" అని ఆనాడు ఆమె అడిగితే, "ఎందుకినరు అవ్వా" అని మాట ఇచ్చినది షబ్రీనే.

సర్వరు తనంతట తాను ఒక ఫైలును కడపటిసారి ఎప్పుడు తెరిచారో మాత్రమే గుర్తుంచుకొంటుంది. ఎవరు, ఎన్నిసార్లు అన్నది దానికి పట్టదు. అందుచేత, వినేవాళ్లున్నారని చూపడానికి షబ్రీన్ ఫైళ్లన్నింటికీ కావలి పెట్టింది. ఎవరు తెరిచినా వారి పేరు మీద ఒక పద్దు పడుతుంది. పెట్టినదే గాని, మనసు నిలువలేదు. టీ తాగి వచ్చి పద్దులు చూసేది, నమాజు ముగించి వచ్చి చూసేది. చూసినప్పుడల్లా, భీమక్క ఫైలు చెడిపోలేదు గదా అని ఒకసారి తెరిచి, భీమక్క దగ్గు వినబడగానే మూసేది.

నెలాఖరున నాగరాజు తెర చూసి పొంగిపోయాడు. "భీమక్కదే ఫస్టు! మస్తుగ ఇంటుండ్రు గద!"

ఊరకుంటే ఫైలు దక్కుతుంది. షబ్రీన్ తెర మీది తన పేరును వేలితో చూపింది.

"సార్... అవన్ని నేను తెరిచినయే. చెడిపోయిందేమోనని."

"కంచె చేను మేసినట్టే ఉన్నది!" అని నవ్వి, అంతలోనే నవ్వు ఆపాడు. "మరి నీవి తీసేస్తే ఏముంటది?"

తీసివేయగా ఒక్క పద్దు మిగిలింది: భద్రాచలం అవతలి పల్లెలో సంస్థకు పనిచేసే జంపయ్యది. షబ్రీన్ స్పీకరు పెట్టి ఫోను చేసింది. తెగింది. మళ్లీ చేసి, భీమక్క ఫైలు సంగతి అడిగింది.

"అవ్ అక్కా, ఒక్కసారే తీసిన. భద్రాచలం వచ్చినప్పుడు ఫోన్ల ఎక్కించుకున్న. మా ఊర్ల నెట్టేడిది? గిప్పుడు అందరి ఫోన్లల్ల గదే ఉన్నది. మా అత్తయితే దుంపలు నానబెట్టుకుంట మల్ల మల్ల పెట్టుమంటది."

నాగరాజు గడ్డం గోక్కున్నాడు. "సరే, ఉండనియ్. మరి జాగ యాడికెల్లి తెస్తవ్?"

"మీ సన్మానం వీడియోకు కాపీలు చాన ఉన్నయి సార్. మీరు తప్ప ఎవ్వరు తెరవలే."

ఆయన దగ్గి, కిటికీ వైపు తిరిగాడు. కాపీలు పోయినవి, భీమక్క మాట నిలిచింది.

మరునాడు టీ తాగి వచ్చిన షబ్రీన్ వేలు ఆ ఫైలు మీదికే పోయింది. పద్దు పడుతుందని చేయి వెనక్కు తీసుకొన్నది. కుర్చీలో అటూ ఇటూ కదిలి, మళ్లీ చాచింది.