పదకొండు ప్లగిన్లు

ఆఫీసులో ఎవరైనా బత్తాయి ఒలిస్తే చాలు, ఆ వాసనకి నాకు స్వరూప మేడం గుర్తొస్తారు. గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ వెళ్లిపోకముందు ఆవిడ రోజూ పొద్దున్నే అక్కడ దిగి, నాలుగు కాయలు సంచిలో వేసుకుని ఎల్‌బీ నగర్‌లోని మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వచ్చేవారు. నల్గొండ దగ్గర పల్లె ఆవిడది. మాట కరుకు. తొన మాత్రం అడగకుండానే చేతిలో పెట్టేవారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు నెలల కోర్సు చేసి, అన్నీ వచ్చేశాయన్న పొగరుతో ఆవిడ కింద చేరాను. ఆరు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. మేమంతా రాసిన కోడ్‌ను ఎప్పటికప్పుడు కలిపి పరీక్షించే సర్వర్ ఒకటి ఉండేది. కావాలంటే దానికి ప్లగిన్లు, అంటే అదనపు పనిముట్లు, తగిలించుకోవచ్చు. ఐదో నెలలో మేడం దాని పాస్‌వర్డ్ నాకిచ్చి, పరీక్ష తప్పితే మెయిల్ పంపే ప్లగిన్ ఒక్కటి పెట్టమన్నారు. నా తెలివి చూపించాలని పదకొండు పెట్టాను. రంగురంగుల చార్టులు గీసేది కూడా వదల్లేదు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే సర్వర్ లేవలేదు.

ఆ సాయంత్రమే ఒక మందుల షాపు వాళ్లకి మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌ను ఆ సర్వర్‌లో పరీక్షించి ఇవ్వాలి. ఉద్యోగం పోయినట్టేనని భయపడి, నెట్ సరిగా లేదంటూ రెండు గంటలు అబద్ధమాడాను. చివరికి మేడం సర్వర్‌లో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే లాగ్ తెరిచి చూశారు. ఇంతలో ఓనర్ వచ్చి ఎవరు చేశారని అడిగారు.

"పాస్‌వర్డ్ ఇచ్చింది నేను. నన్నడుగుండ్రి," అన్నారు మేడం.

ఆయన వెళ్లాక నా వైపు తిరిగారు. "చెడగొట్టినవ్, అది పని నేర్చుకునుడే. రెండు గంటలు దాచినవ్ సూడు, గదే తప్పు. అన్నీ తీసెయ్ చెల్లె, ఒక్కొక్కటి పెడదాం."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తీసేశాను. ఒక్కొక్కటి తిరిగి పెట్టే ముందు, అది లేకపోతే ఎవరి పని ఆగుతుందని అడిగేవారు. పెట్టాక సర్వర్‌ను నడిపి చూసేవారు. పదకొండులో రెండే నిలిచాయి. చార్టుల వంతు వచ్చేసరికి ఆవిడ అడక్కముందే నేనే దాన్ని పక్కన పెట్టేశాను. చీకటి పడేలోపు షాపు వాళ్లకి వెర్షన్ వెళ్లింది. తర్వాతి నెల నన్ను పర్మనెంట్ చేయమని రాసింది కూడా ఆవిడే.

ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. ప్లగిన్ల సంగతి ఏ కోర్సులోనైనా నేర్పుతారు. ఆ రోజు తర్వాత కూడా నేను చాలా చెడగొట్టాను. ఒక్కటీ దాచలేదు.